పెన్సిలిన్ పడనివారికి ఏ యాంటీబయాటిక్? కర్నూలు మందుల షాపు నుంచి ఒక పోలిక

పెన్సిలిన్ పడదని చెప్పగానే చాలాచోట్ల ఆలోచన లేకుండా చేతికి వచ్చే మాత్ర అజిత్రోమైసిన్. గొంతు నొప్పికి అదే, పంటి వాపుకు అదే, మూత్రంలో మంటకూ అదే. ఈ మూడింటిలో మొదటిదానికి అది చాలాసార్లు పనిచేస్తుంది. రెండోదానికి అంతంతమాత్రం. మూడోదానికి దాదాపు పనికిరాదు. కర్నూలులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నాకు ఇది రోజూ కనిపించే విషయం. ఆదోని, పత్తికొండ, డోన్ వైపు నుంచి వచ్చేవారు పాత చీటీ మీద ఎర్ర సిరాతో రాసిన ‘పెన్సిలిన్ అలర్జీ’ అనే రెండు మాటలు చూపిస్తారు. ఎప్పుడు, ఏ మందుకు, ఏమి జరిగిందో మాత్రం ఆ చీటీలో ఉండదు.

ప్రత్యామ్నాయం ఎంచుకోవడానికి నిజంగా కావలసినది ఆ ఖాళీలో ఉండవలసిన సమాచారమే. మందు రాసేది డాక్టరే. కానీ ఆయనకు సరైన సమాచారం ఇవ్వగలిగేది మీరే కాబట్టి ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో, ఎవరికి ప్రమాదమో మీకూ తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

ముందుగా తేలవలసినది: ఆ రోజు ఏమి జరిగింది?

‘పడలేదు’ అని చెప్పేవారిని కాస్త నిలబెట్టి అడిగితే నాలుగు రకాల జవాబులు వస్తాయి. నాలుగింటికీ నాలుగు వేర్వేరు దారులు ఉన్నాయి.

కొందరికి వాంతులయ్యాయి, విరేచనాలయ్యాయి, నోరు పూసింది, ‘వేడి చేసింది’. ఇవి దుష్ఫలితాలే తప్ప అలర్జీ కాదు. అమాక్సిసిలిన్, క్లావులనిక్ ఆమ్లం కలిసిన మాత్రకు విరేచనాలు కావడం సాధారణం. తిన్న తరువాత వేసుకుంటే చాలామందికి తగ్గుతాయి. వీరికి ప్రత్యామ్నాయం వెతకవలసిన అవసరమే లేదు. ‘మా నాన్నకు పెన్సిలిన్ పడదు, అందుకని నేనూ వేసుకోను’ అనేవారూ ఉంటారు. ఇంట్లో మరొకరికి అలర్జీ ఉన్నదన్న ఒక్క కారణంతో మీరు ఈ మందును మానుకోనక్కరలేదు.

రెండో రకం వారికి మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు ఒళ్లంతా చిన్న ఎర్ర మచ్చలు వచ్చి, దురద ఉండో లేకుండానో, వాటంతట అవే పోయాయి. ముఖం వాయలేదు, ఆయాసం రాలేదు, చర్మం ఊడలేదు. పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. జ్వరంతో ఉన్న పిల్లవాడికి అమాక్సిసిలిన్ సిరప్ పోస్తారు, మూడో రోజు మచ్చలు వస్తాయి, మందును నిందిస్తారు. చాలాసార్లు ఆ మచ్చలు జ్వరం తెచ్చిన వైరస్ వల్ల వచ్చినవే. ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకినవారికి ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ ఇస్తే మచ్చలు రావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. అది జీవితాంతం ఉండే అలర్జీ కాదు. కానీ ఐదేళ్ల వయసులో పడిన ముద్రను యాభై ఏళ్ల వయసులోనూ మోస్తున్నవారు మన మధ్య ఉన్నారు.

మూడో రకాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మాత్ర వేసుకున్న లేదా సూది చేయించుకున్న కొన్ని నిమిషాల నుంచి గంటలోపు ఒళ్లంతా దద్దుర్లు లేవడం, పెదవులు, కనురెప్పలు, నాలుక వాయడం, గొంతు పట్టేయడం, పిల్లికూతలతో ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. ఇది తక్షణ అలర్జీ. మళ్లీ అదే మందు వేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

నాలుగో రకం అరుదు, కానీ అన్నింటికన్నా భయంకరం. రోజులు, వారాలు గడిచాక చర్మం బొబ్బలెక్కి పొరలుగా ఊడడం, నోట్లో, కళ్లలో, జననాంగాల దగ్గర పుండ్లు, అధిక జ్వరంతో కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినడం. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ వంటివి ఈ కోవలోనివి. వీరికి పెన్సిలిన్ జాతి మందు మళ్లీ ఎప్పుడూ ఇవ్వకూడదు. పరీక్ష కోసమని కొద్దిగా ఇచ్చి చూడడం కూడా తప్పే.

అమెరికాలో సుమారు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ అలర్జీ ఉందని చెబుతారు. పద్ధతిగా పరీక్షించి చూస్తే వారిలో 90 శాతానికి పైగా ఆ మందును ఏ ఇబ్బందీ లేకుండా తట్టుకుంటారు. నిజమైన తక్షణ అలర్జీ ఉన్నవారిలోనూ పదేళ్లు గడిచేసరికి దాదాపు 80 శాతం మందికి అది పోతుంది. ఈ లెక్కలు అక్కడివే అయినా శరీరధర్మం మనకూ అదే. అందుకే చీటీ మీది రెండు మాటల దగ్గరే ఆగిపోవద్దని అంటున్నాను.

అక్కరలేని ముద్ర వల్ల నష్టమేమిటని అడగవచ్చు. బ్రిటన్‌లోని రోగుల రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పెన్సిలిన్ అలర్జీ అని నమోదైనవారికి ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బ్యాక్టీరియా సోకే అవకాశం 69 శాతం, సీ డిఫిసిల్ అనే ప్రమాదకరమైన పేగుల ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం 26 శాతం ఎక్కువగా కనిపించాయి. పెన్సిలిన్‌కు బదులుగా ఇచ్చే మందులు అవసరానికి మించి విస్తృతంగా పనిచేసి, మేలు చేసే సూక్ష్మజీవులను కూడా చంపేయడమే ఇందుకు ముఖ్య కారణం.

వేరే పేర్లతో వచ్చే పెన్సిలిన్

మాత్ర అట్ట మీద ‘పెన్సిలిన్’ అని ఉండదు. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్, ఆస్పత్రిలో సెలైన్‌తో ఎక్కించే పైపరాసిలిన్, గుండె జబ్బు పిల్లలకు వేసే బెంజథిన్ సూది, ఇవన్నీ ఆ కుటుంబమే. షాపు పేర్లలో చెప్పాలంటే ఆగ్‌మెంటిన్, క్లావమ్, మోక్స్, నోవామోక్స్, మోక్సికైండ్ సీవీ, పెనిడ్యూర్. తక్షణ అలర్జీ ఉన్నవారు బ్రాండు పేరును నమ్ముకోకుండా కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరు చూడాలి. చివర ‘సిలిన్’ అని ఉంటే ఆగి అడగండి.

దగ్గరి చుట్టాలు: సెఫలోస్పోరిన్‌లు

అన్నింటికన్నా మేలైన ప్రత్యామ్నాయం ఇక్కడే ఉంది. అందరూ అనవసరంగా భయపడేదీ ఇక్కడే.

పెన్సిలిన్ పడనివారిలో 10 శాతం మందికి సెఫలోస్పోరిన్‌లు కూడా పడవని పాత పుస్తకాల్లో ఉంటుంది. నేను చదువుకున్న రోజుల్లోనూ అదే చెప్పారు. ఆ లెక్క ఇప్పుడు నిలవదు. నిజంగా పెన్సిలిన్ అలర్జీ ఉన్నవారిలో కూడా ఈ ప్రమాదం మొత్తం మీద 2 శాతం దగ్గరే ఉంటుందని ఇప్పటి అంచనా. ఆ కొద్దిపాటి ప్రమాదమూ అన్ని సెఫలోస్పోరిన్‌లతో సమానంగా ఉండదు. రెండు కుటుంబాలకూ బీటా లాక్టమ్ అనే ఉంగరం వంటి నిర్మాణం ఉమ్మడిగా ఉన్నా, శరీరం ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఆ ఉంగరానికి అతుక్కుని ఉండే పక్క గొలుసును. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన ముఖాలు ఒకేలా ఉండవు కదా. ముఖం కలిసినప్పుడే శరీరం పొరబడుతుంది.

సెఫాలెక్సిన్, సెఫాడ్రాక్సిల్, సెఫాక్లర్ అనే మూడింటి పక్క గొలుసు అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్‌ల గొలుసుతో ఒకటిగానో చాలా దగ్గరగానో ఉంటుంది. అమాక్సిసిలిన్ వేసుకుని గంటలోపు పెదవులు వాచినవారికి ఈ మూడూ వద్దు. సెఫురాక్సిమ్, సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్, సూదిగా ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ పూర్తిగా వేరు. పాతకాలపు తేలికపాటి మచ్చల చరిత్ర ఉన్నవారికి డాక్టర్ పర్యవేక్షణలో ఏ సెఫలోస్పోరిన్ అయినా సాధారణంగా ఇవ్వవచ్చు. తీవ్రమైన తక్షణ అలర్జీ చరిత్ర ఉంటే గొలుసు కలవని మందునే ఎంచుకుని, మొదటి డోసును ఆస్పత్రిలో, ప్రాణం నిలిపే అడ్రినలిన్ సూది సిద్ధంగా ఉన్నచోట ఇవ్వడం మంచి పద్ధతి. చర్మం ఊడిన నాలుగో రకం వారు ఈ దారిలోకి సొంతంగా రాకూడదు. వారికి ఏ బీటా లాక్టమ్ మందైనా నిపుణుల నిర్ణయం మీదే.

ఆపరేషన్‌కు ముందు ఇచ్చే సెఫజోలిన్ గురించి విడిగా చెప్పాలి. దాని పక్క గొలుసు ఏ పెన్సిలిన్‌తోనూ కలవదు. అయినా అలర్జీ అన్న మాట వినగానే దాన్ని పక్కనపెట్టి క్లిండమైసిన్‌కో వాంకోమైసిన్‌కో మారడం మామూలైపోయింది. అలా మారినవారిలో ఆపరేషన్ గాయానికి చీము పట్టే అవకాశం సుమారు సగం మేర పెరుగుతుందని 2018 నాటి ఒక అమెరికా అధ్యయనం చూపింది. మోకాలి మార్పిడికో సిజేరియన్‌కో సిద్ధమవుతున్నవారు మత్తు డాక్టర్‌తో తమ పాత రియాక్షన్ వివరంగా చెప్పి, ‘నాకు సెఫజోలిన్ ఇవ్వవచ్చా?’ అని నోరు తెరిచి అడగాలి.

సెఫలోస్పోరిన్‌లకు లోపం లేదని కాదు. సెఫిక్సిమ్ వంటి మూడో తరం మందులు విస్తృతంగా పనిచేస్తాయి, ఇష్టం వచ్చినట్లు వాడితే మొండి బ్యాక్టీరియాను పెంచుతాయి. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 నిబంధన ప్రకారం వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టర్ పేరు విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు భద్రపరచాలి. చీటీ అడిగినందుకు మా మీద కోపం తెచ్చుకోకండి.

పూర్తిగా వేరే కుటుంబాలు

అజిత్రోమైసిన్‌కు పేరు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోవచ్చు. రోజుకు ఒక మాత్ర, మూడు నుంచి ఐదు రోజులు, గర్భిణులకూ పిల్లలకూ ఇవ్వదగినది. పెన్సిలిన్‌తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. కానీ ఇంతగా వాడడం వల్లే చాలా బ్యాక్టీరియా దీనికి లొంగడం మానేసింది. గుండె లయ తప్పే ప్రమాదం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లోనే హెచ్చరించింది. ఇప్పటికే గుండె జబ్బు ఉన్నవారు, రక్తంలో పొటాషియం తగ్గినవారు జాగ్రత్తపడాలి. మన దగ్గర గ్యాస్ మాత్రతో కలిపి వచ్చే డోంపెరిడోన్ కూడా గుండె లయ మీద పనిచేసేదే. అజిత్రోమైసిన్‌తో పాటు అలవాటుగా ఆ కాంబినేషన్ కూడా ఇచ్చేస్తుంటారు. అలాంటప్పుడు డోంపెరిడోన్ లేని గ్యాస్ మాత్ర అడిగి తీసుకోండి. ఇదే కుటుంబానికి చెందిన క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లు కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లతో కలిస్తే కండరాలు దెబ్బతినవచ్చు. అజిత్రోమైసిన్‌తో ఆ ఇబ్బంది తక్కువ.

నా లెక్కలో దక్కవలసినంత గౌరవం దక్కని మందు డాక్సీసైక్లిన్. చవక, పాతది. చర్మం, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌లకూ, ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌కూ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో కనిపించే స్క్రబ్ టైఫస్ జ్వరానికైతే మొదటి ఎంపికే ఇది. చిన్న పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు, తలనొప్పితో జ్వరం ఉంటే డాక్టర్‌కు ఆ పెచ్చు చూపించండి. గర్భిణులకు దీని బదులు అజిత్రోమైసిన్ ఇస్తారు. మామూలు జబ్బులకు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు దీన్ని సాధారణంగా ఇవ్వరు.

దీన్ని వేసుకునే పద్ధతిలోనే మనవాళ్లకు ఇబ్బంది వస్తుంది. గుక్కెడు నీళ్లతో మింగి పడుకుంటే మాత్ర అన్నవాహికలో అంటుకుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లతో మింగి కనీసం అరగంట కూర్చోవాలి, లేదా నడవాలి. వేడి చేస్తుందని మజ్జిగతోనో పాలతోనో మింగుతారు. వాటిలోని కాల్షియం మందును పట్టుకుని ఒంట్లోకి సరిగా వెళ్లనివ్వదు. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కు తాగే తెల్లమందు కూడా అంతే. కనీసం రెండు గంటల ఎడం పెట్టండి. సిప్రోఫ్లాక్సాసిన్‌కూ ఇదే నియమం. ఇక ఎండ సంగతి. డాక్సీసైక్లిన్ వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మిరప కల్లాల్లో, ఉల్లి పొలాల్లో పనిచేసేవారు నిండు చేతుల చొక్కా, తలకు తువ్వాలు లేకుండా ఈ మందు వాడవద్దు. ఎండలో పని తప్పదంటే ఆ మాట ముందే డాక్టర్‌కు చెప్పాలి.

క్లిండమైసిన్ చర్మం కింద వ్యాపించే ఇన్‌ఫెక్షన్‌కు, పంటి చీముకు చాలాకాలంగా వాడుతున్న మందు. ధర ఎక్కువ, రోజుకు మూడు నాలుగు సార్లు వేసుకోవాలి. పేగుల్లో సీ డిఫిసిల్ విరేచనాలు తెచ్చే విషయంలో దీని పేరు ముందు వరుసలో ఉంటుంది. అందుకే గుండె కవాటాల జబ్బు ఉన్నవారికి పంటి చికిత్సకు ముందు రక్షణగా ఇచ్చే మందుల జాబితా నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో దీన్ని తొలగించింది. పెన్సిలిన్ పడనివారికి అక్కడ సెఫాలెక్సిన్, అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ మిగిలాయి. తక్షణ అలర్జీ ఉన్నవారికి వాటిలోనూ సెఫాలెక్సిన్ వద్దు. క్లిండమైసిన్ వాడుతూ విరేచనాలు మొదలైతే విరేచనాలు కట్టే మాత్ర వేసుకోకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ అనే ఫ్లోరోక్వినోలోన్‌ల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఇవి మొదటి ప్రత్యామ్నాయం కాకూడదు. మడమ వెనుక స్నాయువు తెగడం, నరాల తిమ్మిరి, మానసిక గందరగోళం, పెద్ద రక్తనాళం చీలడం వంటి ప్రమాదాలు అరుదే అయినా నిజమైనవి. వేరే మందు ఉన్నప్పుడు సైనస్, బ్రాంకైటిస్, మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్‌లకు వీటిని వాడవద్దని అమెరికా నియంత్రణ సంస్థ 2016లో చెప్పింది. మన ఇళ్లలో షుగరు మాత్రలు వాడేవారు ఎంతమందో చూసుకోండి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రతో ఇవి కలిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంకొక సంగతి మన దేశానికి మరీ ముఖ్యం. లీవోఫ్లాక్సాసిన్ క్షయ క్రిమి మీద కూడా కొంత పనిచేస్తుంది. రెండు వారాలుగా దగ్గుతున్న మనిషికి కఫం పరీక్ష చేయకుండా ఇది ఇస్తే కొద్దిరోజులు తగ్గినట్లుంటుంది. అసలు రోగం బయటపడేది ఆలస్యమవుతుంది. కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ముందు అది చేయించండి.

కోట్రైమాక్సజోల్, అంటే సెప్ట్రాన్ వంటివి, కొన్ని చర్మపు గడ్డలకు, పరీక్షలో లొంగుతుందని తేలిన మూత్ర ఇన్‌ఫెక్షన్‌లకు మంచివే. గొంతు ఇన్‌ఫెక్షన్‌కు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. సల్ఫా పడనివారికి, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారికి ఇవ్వకూడదు. బీపీకి రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ వాడేవారికి రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు.

జబ్బును బట్టి ఎంపిక

గొంతు నొప్పిలో ఎక్కువ భాగం వైరస్‌దే. జలుబు, దగ్గు, బొంగురు గొంతు కలిసి ఉంటే ఏ యాంటీబయాటిక్కూ అక్కరలేదు, అలర్జీ ప్రశ్నే రాదు. స్ట్రెప్టోకాకస్ అని డాక్టర్ అనుకుంటే చికిత్స తప్పనిసరి. ఆ బ్యాక్టీరియా ఇప్పటివరకు పెన్సిలిన్‌కు ఎదురు తిరగలేదు. అజిత్రోమైసిన్‌కు మాత్రం చాలాచోట్ల తిరుగుతోంది. అందుకే తేలికపాటి మచ్చల చరిత్ర ఉన్నవారికి 10 రోజుల సెఫాలెక్సిన్ మేలు. తక్షణ అలర్జీ ఉన్నవారికి 5 రోజుల అజిత్రోమైసిన్ లేదా 10 రోజుల క్లిండమైసిన్. మూడు రోజుల అట్టతో సరిపెట్టుకుంటే గొంతులో క్రిమి మిగిలిపోవచ్చు.

పంటి నొప్పి విషయంలో మందు కన్నా ముందు చేతి పని కావాలి. చీము తీయాలి, వేరు శుభ్రం చేయాలి, లేదా పన్ను పీకాలి. అది చేయకుండా ఎన్ని రకాల యాంటీబయాటిక్‌లు మార్చినా వాపు తిరిగి వస్తుంది. జ్వరమో ముఖం వాపో ఉండి మందు తప్పదనుకుంటే తేలికపాటి చరిత్ర వారికి సెఫాలెక్సిన్, తీవ్రమైన చరిత్ర వారికి అజిత్రోమైసిన్ లేదా క్లిండమైసిన్. వాడుకలో ఉన్న ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ జంట మాత్ర పంటికి సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం. ఆర్నిడజోల్ గాలి అక్కరలేని క్రిములను చంపుతుంది. ఆఫ్లాక్సాసిన్ నోటిలోని స్ట్రెప్టోకాకస్ జాతుల మీద బలహీనం. లాభం సగమే వస్తుంది, ఫ్లోరోక్వినోలోన్ ప్రమాదాలన్నీ వస్తాయి. మెట్రోనిడజోల్ ఒక్కటే ఇచ్చినా సరిపోదు. దానితో మద్యం అసలు వద్దు.

మూత్రంలో మంటకు వచ్చిన స్త్రీలకు శుభవార్త ఏమిటంటే, పెన్సిలిన్ అలర్జీ వల్ల ఇక్కడ కోల్పోయేది ఏమీ లేదు. అలర్జీ లేనివారికీ మొదట ఇచ్చేవి నైట్రోఫ్యురాంటాయిన్ 5 రోజులు, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడి ఒకే ఒక్క మోతాదు. మొదటిది అన్నంతో వేసుకోవాలి, మూత్రం ముదురు రంగులోకి మారితే భయపడవద్దు. మూత్రపిండాలు బాగా బలహీనపడినవారికి, నెలలు నిండిన గర్భిణులకు అది వద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఈ రెండు మందులూ చాలవు. అది మూత్రపిండం దాకా వెళ్లిన ఇన్‌ఫెక్షన్. ఆస్పత్రికి వెళ్లాలి, ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో తేల్చే కల్చర్ పరీక్షకు మూత్రం ఇవ్వాలి. సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని ఈ-కోలై మన దేశంలో విపరీతంగా ఉంది కాబట్టి కల్చర్ లేకుండా దాన్ని నమ్మలేము.

టైఫాయిడ్‌కూ అంతే. ఇప్పుడు వాడేవి అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ కాబట్టి పెన్సిలిన్ అలర్జీ పెద్ద అడ్డంకి కాదు. కడుపులో పుండుకు కారణమయ్యే హెచ్ పైలోరీకి ఇచ్చే కిట్‌లో మాత్రం అమాక్సిసిలిన్ ఉంటుంది. బదులుగా బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, గ్యాస్ మాత్ర కలిసిన నాలుగు మందుల చికిత్స ఉంది.

న్యుమోనియా, షుగరు రోగి కాలి పుండు, ముఖం మీద వేగంగా పాకే వాపు, ఇవి షాపులో తేల్చే విషయాలు కావు.

ప్రత్యామ్నాయం ఓడిపోయే రెండు చోట్లు

కీళ్లవాత జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు వారాలకొకసారి బెంజథిన్ పెన్సిలిన్ సూది ఇస్తారు, ఏళ్ల తరబడి. పడదంటే రోజుకు రెండు పూటలా ఎరిత్రోమైసిన్ మాత్ర. కాగితం మీద ఇది సరిపోయే మార్పిడే. నిజ జీవితంలో బడికి వెళ్లే పిల్లలు, పనుల కోసం వలస వెళ్లే కుటుంబాలు రోజూ రెండు మాత్రలు పదేళ్లపాటు తప్పకుండా వేసుకోవడం చాలా కష్టం. జ్వరం మళ్లీ రాకుండా ఆపడంలో మాత్రల కన్నా సూదే మెరుగని అధ్యయనాలు చూపాయి. కవాటాలు తీవ్రంగా దెబ్బతిన్నవారు సూది తరువాత కుప్పకూలితే అది అలర్జీ కాకుండా గుండె తట్టుకోలేకపోవడం కావచ్చని, అలాంటివారికి మాత్రలే నయమని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో సూచించింది. కాబట్టి ‘సూది పడలేదు’ అని ఒక పిల్లవాడిని ఆ చికిత్స నుంచి తప్పించే ముందు గుండె డాక్టర్ ఆ సంఘటనను విడదీసి చూడాలి.

రెండోది, గర్భిణికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. గర్భంలోని బిడ్డను కాపాడగలదని రుజువైన మందు పెన్సిలిన్ ఒక్కటే. డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు, అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్‌లు బిడ్డకు చికిత్స చేస్తాయన్న భరోసా లేదు. ఆమెకు నిజంగా తక్షణ అలర్జీ ఉంటే ఆస్పత్రిలో చేర్చి, అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి గంటల వ్యవధిలో పెంచుకుంటూ పోయి శరీరం తట్టుకునేలా చేస్తారు. దీన్నే డీసెన్సిటైజేషన్ అంటారు. ఆ కోర్సు వరకే ఆ తట్టుకునే గుణం నిలుస్తుంది.

ముద్ర చెరిపించుకోవడం

అలర్జీ తీవ్రతను అంచనా వేయడానికి వైద్యులు వాడే పెన్ ఫాస్ట్ అనే స్కోరు 2020లో వచ్చింది. రియాక్షన్ జరిగి ఐదేళ్లు లేదా అంతకన్నా తక్కువైతే 2 పాయింట్లు, గొంతు, ముఖం వాపుతో కూడిన తీవ్ర అలర్జీ లేదా చర్మం ఊడే రియాక్షన్ అయితే 2, అప్పుడు చికిత్స అవసరమైతే 1. మొత్తం 3 కన్నా తక్కువ వస్తే నిజమైన అలర్జీ ఉండే అవకాశం తక్కువ. అలాంటివారికి, చర్మం ఊడిన నాలుగో రకం వారు కాకపోతే, ఆస్పత్రిలో కూర్చోబెట్టి ఒక డోసు అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇచ్చి గమనిస్తే చాలని 2023లో వెలువడిన పేలెస్ అనే క్లినికల్ పరీక్ష చూపింది. మన సర్వజన వైద్యశాలలోనో, వేరే పని మీద బెంగళూరు, వేలూరు, హైదరాబాదు వెళ్లినప్పుడో అక్కడి వైద్యులను ఈ విషయం అడగండి. జబ్బు లేని రోజుల్లో అడగడం మేలు. ఇంట్లో మాత్రం ఒక మాత్ర వేసుకుని చూద్దామనే సాహసం ఎవరూ చేయవద్దు.

సూదికి ముందు చేతి మీద చర్మంలోకి ఎక్కించే ‘టెస్ట్ డోస్’ ఈ పరీక్షకు సమానం కాదు. మామూలు సూది మందును పలుచన చేసి గుచ్చి చూసే ఆ పద్ధతిలో ఎర్రబడినంత మాత్రాన అలర్జీ అని తేలదు. ఎర్రబడకపోయినా పూర్తి భరోసా ఇవ్వదు. టెస్ట్ డోస్ ఎర్రబడిందన్న ఒక్క కారణంతో అలర్జీ ముద్ర పడినవారు ఆ మాట కూడా డాక్టర్‌కు చెప్పాలి.

ఏ యాంటీబయాటిక్ అయినా వేసుకున్నాక గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా, ముఖం వాచినా, కళ్లు తిరిగినా 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. ప్రాణం నిలిపే మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. పెద్దవారికి 0.5 మిల్లీగ్రాములు. ఎవిల్, డెక్సామెథాసోన్ సూదులు దానికి ప్రత్యామ్నాయం కావు. పల్లెల్లో సూదులు వేసే ప్రతి ఆర్‌ఎంపీ దగ్గరా అడ్రినలిన్ ఉన్నదో లేదో అడిగే హక్కు మీకుంది. లేనిచోట ఏ యాంటీబయాటిక్ సూదీ వేయించుకోవద్దు.

ఇక ఆ చీటీ. ‘పెన్సిలిన్ అలర్జీ’ అన్న రెండు మాటల స్థానంలో ఇలా రాయించుకోండి: ఏ మందు, మాత్రా సూదా, ఏ సంవత్సరం, మందు పడిన ఎంతసేపటికి, ఒంటి మీద ఏమి వచ్చింది, ఆస్పత్రిలో చేర్చారా, ఆ తరువాత ఏ యాంటీబయాటిక్‌లు ఇబ్బంది లేకుండా వేసుకున్నారు. చివరిది చాలామంది మరిచిపోతారు. పోయిన ఏడాది జలుబుకని ఎవరో ఇచ్చిన మాత్ర అమాక్సిసిలిన్ అయి, మీకు ఏమీ కాకపోయి ఉంటే, డాక్టర్‌కు అంతకన్నా విలువైన సమాచారం ఇంకొకటి లేదు. పాత అట్టలు, బిల్లులు పారేయకుండా ఫోనులో ఫోటో తీసి ఉంచుకుని, వెళ్లిన ప్రతిచోటా చూపించండి.